తలకిందుల అక్షరాలు

నా వేలిముద్ర పనికిరాదని తెలిసేనాటికి నాకు యాభై తొమ్మిదేళ్ళు.

ముప్పై ఏళ్ళుగా కొబ్బరిపీచు తాడు పేనిన చేతులు నావి. అంబాజీపేట వెళ్ళే రోడ్డు పక్కన పీచు షెడ్డు ఉంది. నా బొటనవేలి గీతలన్నీ ఆ షెడ్డులోనే అరిగిపోయాయి. ఒక ఆఫీసులో మిషను మీద వేలు పెట్టమన్నారు. ఎన్నిసార్లు నొక్కినా పడలేదు. మిషను దగ్గరున్న కుర్రవాడు తడిగుడ్డతో నా వేలు తుడిచి, వెలుతురులో పెట్టి చూసి, "మామ్మగారండీ, మీ వేలికి గీతలే లేవు. సంతకం వచ్చాండీ?" అన్నాడు. రాదన్నాను. వెనక వరసలో ఎవరో నవ్వారు.

మర్నాడు షెడ్డులో ఈ సంగతి చెబితే మేరీ నవ్వలేదు. మేరీ నా ఎదుటి గుట్ట దగ్గర కూర్చుని పీచు విడదీస్తుంది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. ఇంటరు వరకూ చదివింది. ఇంగ్లీషు ఒక్కటి పోయింది. అది పోతే డిగ్రీలో చేర్చుకోరట. అలా పీచులోకి వచ్చింది.

"వేలు పనికిరానప్పుడు పేరు రాయాలండి మరి. ఎంత పేరండి మీది? వీరాయమ్మ. నాలుగే కదండీ అక్షరాలు," అంది.

అన్నాలు తిన్నాక పనిలోకి దిగే ముందు మాకు అరగంట తీరిక దొరికేది. మేరీ నేల మీద కొబ్బరిపొట్టు పల్చగా పరిచి, వేలితో అక్షరం రాసేది. నేను చూసి దిద్దేదాన్ని. వారం తిరిగాక ముచ్చటపడి పలక ఒకటి కొనుక్కుని, దాని మీద నా పేరు రాసి చూపించాను. మేరీ పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఏమండోయ్, మీ అక్షరాలన్నీ శీర్షాసనం వేశాయండి!"

నేను ఎదురుగా కూర్చునేదాన్ని కదా. మేరీ తనవైపు నుంచి సరిగ్గానే రాసేది. నాకు అవి తలకిందులుగా కనబడేవి. చూసింది చూసినట్టు దిద్దాను. ఆ తరవాత తిన్నగా రాయడం నేర్చుకున్నాను గాని, తలకిందులుగా చదవడం పోలేదు. మేరీ రోజూ షెడ్డు యజమాని చదివి వదిలేసిన పేపరు తెచ్చి, తనవైపు తిప్పి పట్టుకుని, ఒక్కో మాట మీద వేలు పెట్టేది. నేను ఇటునుంచి చదివేదాన్ని.

పక్కన కూర్చుంటే ఈ బాధ ఉండేది కాదు. పక్కకొచ్చి కూర్చోమని నేను అనలేదు. అనకుండా మేరీ రాదు. మేరీది ఊరవతల పేట. మాది ఊళ్ళో వీధి. ఈ ముక్క మా ఇద్దరిలో ఎవరమూ ఎప్పుడూ పైకి అనలేదు.

మొదట్లో నేను సగం చదివి సగం ఊహించేదాన్ని. బస్సు మీద 'అ' కనబడగానే అమలాపురం అనుకుని ఎక్కేశాను ఒకసారి. అంబాజీపేటలో దింపారు. మేరీకి చెబితే, "ఉన్నది చదవాలండి, మనసులోది కాదు," అంది. అప్పటినుంచి నేను తప్పు చదివినప్పుడల్లా అదే మాట. ఉన్నది చదవండి. నాకు ఏడాది పట్టింది. పేపరు ఆగి ఆగి చదవగలిగిన రోజున, "ఇంక జన్మలో వేలు వెయ్యను మేరీ," అన్నాను. మేరీ కళ్ళు తుడుచుకుంది. పొట్టు పడిందండి అంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడివరకూ నేను సిగ్గుపడవలసింది తక్కువ.

నా మనవరాలు దివ్య నా దగ్గరే ఉండి కొత్తపేటలో డిగ్రీ చదువుతోంది. వాళ్ళమ్మ కువైట్‌లో పనిచేస్తోంది. దివ్య కాలేజీలో చేరినప్పుడు కాగితాలు ముందేసుకుని నాకు అంతా వివరించింది. బీయే అట. అందులో మేజరు ఒకటి, మైనరు ఒకటి ఎంచుకోవాలట.

"మైనరంటే మా రోజుల్లో సిల్కు లాల్చీ వేసుకుని, సెంటు పూసుకుని తిరిగేవాడే," అన్నాను.

"అమ్మమ్మా! మేజరంటే పెద్ద సబ్జెక్టు, మైనరంటే చిన్న సబ్జెక్టు. నాకు మేజరు ఎకనామిక్సు, మైనరు చరిత్ర. మూడేళ్ళు చదివితే డిగ్రీ. ఇంకో ఏడాది కూడా చదివితే ఆనర్సు."

"పెళ్ళికొడుకుల్ని చూసినట్టు ఎంచుకోవాలన్నమాట."

"నీకు అన్నీ పెళ్ళిళ్ళే!"

ఆ ఎంపికల మాట బాగానే ఉంది. చిక్కంతా తరవాత వచ్చింది. మొదటి ఏడాది అయ్యాక వేసవిలో పిల్లలందరూ నలభై అయిదు రోజులు ఊరికి పనికొచ్చే పని ఏదైనా చేసి, దాని మీద పుస్తకం రాసి ఇవ్వాలట. దానికి నాలుగు క్రెడిట్లు.

"పరీక్షలన్నీ ఫస్టున పాసయ్యావనుకో, ఈ నాలుగూ లేవు. అప్పుడు?" అని అడిగాను.

"డిగ్రీ ఇవ్వరు."

"లారీ నిండా కాయలుండి, నాలుగు తక్కువైతే లారీ కదలదా?"

"కదలదమ్మమ్మా."

దివ్య పెద్దవాళ్ళకి చదువు చెబుతానని రాసి ఇచ్చింది. మా వీధిలో ఎనిమిది మందిని పోగుచేసింది. రెండు రోజులు మా అరుగు మీద బడి నడిచింది. మూడో రోజుకి దివ్యకి పచ్చకామెర్లు తగిలాయి. మే నెలంతా మంచమే. లేచేసరికి సెలవులు అయిపోయాయి. బడికి వచ్చిన ఎనిమిది మందీ ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. పుస్తకం ఇవ్వాల్సిన సోమవారం ఇంకో నాలుగు రోజులుంది.

నేను గిన్నెలు తోముకుంటుంటే వచ్చి పక్కన గొంతుక్కూర్చుంది. పిల్ల కళ్ళ పసుపు ఇంకా పూర్తిగా పోలేదు.

"అమ్మమ్మా, ఒక్కరికి నేర్పినా చాలంట. మొదటి రోజు పేజీలో వేలిముద్ర, ఆఖరి రోజు పేజీలో సంతకం. మధ్యలోది నేను రాసుకుంటాను."

"ఎవరి వేలిముద్ర?"

దివ్య నా బొటనవేలి వంక చూసింది.

"నాకు మేరీ నేర్పింది కదే," అన్నాను.

"మేరీ ఆంటీ పేరు రాస్తే అది నా పని ఎలాగవుతుంది?"

"అబద్ధం కదూ మరి?"

అప్పుడు దివ్య తల ఎత్తకుండానే అంది: "అన్నపూర్ణమ్మమ్మగారికి నువ్వేం చెప్పావు?"

తోమిన గిన్నెనే మళ్ళీ తోమాను.

అన్నపూర్ణగారిది ఎదురిల్లు. నేను పాలప్యాకెట్టు మీది అక్షరాలు చదువుతుంటే చూసి, ఆ ఏడు చలికాలంలో అడిగింది, "ఎవరు నేర్పేరే నీకు?" అని. మా దివ్యండీ అన్నాను. నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట! పక్కనే ఉన్న భవానీదేవిగారు, "మనవరాలంటే అలా ఉండాలి," అన్నారు. నేను నవ్వాను. ఆ తరవాత ఎవరు అడిగినా అదే చెప్పాను. దివ్య వినే ఉంది. ఒక్కసారీ కాదనలేదు. ఇప్పుడు అదే మాటని కాగితం మీద పెట్టమని అడుగుతోంది, అంతే.

స్టాంపు ప్యాడు తెచ్చింది. వేలు వేశాను. కాగితం మీద పడింది ముద్ర కాదు, మచ్చ. గీత ఒక్కటీ లేదు. పది పేజీలు తిప్పి సంతకం పెట్టాను. వీరాయమ్మ. మేరీ నేర్పిన 'మ్మ' ఒత్తుతో సహా.

మర్నాడు షెడ్డులో సిరా ఇంకా పోలేదు. మేరీ చూడనే చూసింది.

"వేలికేంటండి అది?"

"నేరేడుపళ్ళు తిన్నాన్లే."

"బొటనవేలితో తినేరా ఏంటండి?" అని నవ్వి పీచు అందుకుంది. నేనూ నవ్వాను. ఆ రోజు పేపరు చదవడానికి కళ్ళు మండుతున్నాయని చెప్పి తప్పించుకున్నాను.

సోమవారం నన్ను కూడా తీసుకురమ్మన్నారట. కొత్తపేట బస్సెక్కి కాలేజీకి వెళ్ళాం. పాపారావుగారని, లెక్చరరు. పెద్దమనిషి. నన్ను చూసి లేచి కుర్చీ చూపించారు. కాలేజీలో కుర్చీ మీద కూర్చోవడం నాకు అదే మొదలు. దివ్య నా పక్కన నిలబడింది. ఆయన బల్లకి అటువైపు కూర్చుని దివ్య రాసిన పుస్తకం తెరిచారు.

నేను ఇటువైపు నుంచి చూస్తున్నాను. దివ్య చేతిరాత గుండ్రంగా ఉంటుంది. చూపు పడితే చదవకుండా ఉండలేను కదా, అలవాటు. *ఈమె నిరుపేద శ్రామికురాలు. అరవై ఏళ్ళ జీవితంలో ఈమెకు అక్షరం ముక్క నేర్పినవారు ఒక్కరూ లేరు.*

"ఒక్కరూ... లేరు," అనేశాను పైకి.

పాపారావుగారు తలెత్తారు. "ఏంటమ్మా?"

"ఏం లేదండి. చదువుతున్నానండి."

"అటునుంచా?"

దివ్య నా భుజం మీద చెయ్యి వేసింది.

పాపారావుగారు గబగబా సొరుగులోంచి ఏదో నోటీసు తీసి, తనవైపే తిప్పి పట్టుకుని, "ఇది చదవండి చూద్దాం," అన్నారు. చదివాను. పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరు తేదీ అని ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. పక్క గదిలోంచి ఇంకో ఇద్దరు లెక్చరర్లని పిలిచారు. వాళ్ళ ముందు మళ్ళీ చదివాను. చప్పట్లు కొట్టారు.

"నలభై అయిదు రోజుల్లో ఇది ఎలా సాధ్యమమ్మా? నిజం చెప్పండి, మీకు ముందే చదువొచ్చా?"

నవ్వుతూనే అడిగారు. కానీ దివ్య వేళ్ళు నా భుజంలోకి దిగాయి. ఆ ఒక్క జవాబులో పిల్ల నాలుగు క్రెడిట్లూ ఉన్నాయి. నాలుగు కాయలు తక్కువైతే లారీ కదలదు.

"లేదండి," అన్నాను. "మా దివ్య నేర్పిందండి. అన్నాలు తిన్నాక, కొబ్బరిపొట్టు నేల మీద పరిచి, వేలితో రాసేదండి. నేను ఎదురుగా కూర్చుని దిద్దేదాన్నండి. వారం రోజులు అక్షరాలన్నీ తలకిందులుగా నేర్చేసుకున్నానండి. పలక మీద చూపిస్తే పొట్ట పట్టుకు నవ్విందండి. ఉన్నది చదవాలి, మనసులోది కాదు అనేదండి."

పేరొక్కటే అడిగింది దివ్య. నేను అన్నీ ఇచ్చేశాను. పొట్టూ, పలకా, నవ్వూ, ఆ మాటా. ఒక్కోటీ తీసి బల్ల మీద పెట్టి, మా దివ్యదండీ అన్నాను. చెబుతుంటే ఎంత బాగా వచ్చిందో! ఆ బాగా రావడమే ఇప్పటికీ నిద్రలో గుర్తొచ్చి లేస్తాను.

పాపారావుగారు రాసుకుంటూ దివ్యని అడిగారు. "అంతా బావుందమ్మా. కానీ ఎదురుగా ఎందుకు కూర్చున్నావు? పక్కన కూర్చుంటే తిన్నగా నేర్చుకునేవారు కదా?"

ఏడాది పాటు షెడ్డులో ఎవరూ అడగని ప్రశ్న.

"మొహం చూస్తూ చెప్పొచ్చని సార్," అంది దివ్య.

"మంచి పద్ధతి," అని ఆయన అదీ రాసుకున్నారు.

నాలుగు క్రెడిట్లూ వచ్చాయి. బస్సులో దివ్య నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను కిటికీలోంచి కాలువ చూస్తూ కూర్చున్నాను.

గురువారం షెడ్డులో అన్నాలయ్యాక, మేరీ రోజులాగే పేపరు తెచ్చింది. జిల్లా పేజీ పైకి మడిచి ఉంది. రోజులాగే తనవైపు తిప్పి పట్టుకుంది. ఇటువైపు నుంచి నాకు ముందు ఫొటో కనబడింది. తలకిందులుగా నేనూ, దివ్యా. ఆ రోజు కాలేజీలో తీసిన ఫొటో, వాళ్ళే పేపరుకి ఇచ్చారు. మేరీ మొహంలోకి చూడలేకపోయాను.

"ఇటొచ్చి కూర్చో మేరీ," అన్నాను. ఏడాదికి వచ్చిందా మాట.

"ఇప్పుడెందుకండి? మీకు తలకిందులే బాగా వచ్చు కదండీ," అంది. వేలు పెద్ద అక్షరాల మీద పెట్టింది. "చదవండి."

"అమ్మమ్మకు... అక్షరబిక్ష."

"భిక్ష. ఒత్తు పలకాలండి. మళ్ళీ."

"అక్షరభిక్ష."

"ఆయ్. కిందికి రండి."

చదివాను. మేరీ వేలు ఒక్కో మాట దాటుతోంది. తోటి ఆడవాళ్ళు పీచు విడదీయడం ఆపి వింటున్నారు. కొబ్బరిపొట్టు పరిచి, అని చదివాను. తలకిందులుగా, అని చదివాను. పలక దగ్గర తడబడ్డాను. మేరీ వేలు ఆగి, నేను అందుకునేదాకా ఉండి, కదిలింది. తరవాతి వాక్యం నాకు ముందే కనబడింది. ఇదంతా తన మనవరాలు దివ్య చలవేనని వీరాయమ్మ ఆనందంతో తెలిపింది, అని.

"ఇదంతా తన... నేస్తం మేరీ చలవేనని..."

మేరీ వేలు ఆగిపోయింది.

"ఏమని ఉందండి అక్కడ?"

"మేరీ..."

"లేనిది చదవకూడదండి. ఉన్నది చదవాలి."

గొంతులో కోపం లేదు. తప్పు బస్సు ఎక్కినప్పుడు ఎలా చెప్పిందో అలాగే చెప్పింది. నేను ఉన్నది చదివాను. దివ్య అని. పేపరు మడిచి మేరీ తన గుట్ట దగ్గరకి వెళ్ళింది.

సాయంత్రం బయల్దేరేటప్పుడు నేనే వెంటపడ్డాను. "రేపు కాలేజీకెళ్ళి ఆయనతో చెప్పేస్తాను మేరీ."

"అలాంటి పని చెయ్యకండి. పిల్ల డిగ్రీ ఆగిపోద్ది. ఒక్కటి తక్కువైతే ఏమవుద్దో నాకు తెలుసండి." క్యారేజీ సంచిలో పెట్టుకుంది. చెప్పులేసుకుంది. అప్పుడు అంది: "మీ మనవరాలు ఇప్పుడు రాసిందండి. మీరు చలికాలం నుంచి చెబుతున్నారంట కదండీ మీ వీధిలో."

మేరీకి ఎలా తెలుసని అడగలేదు. ఊరన్నాక తెలుస్తుంది. ఇన్నాళ్ళూ తెలిసే నాకు పేపరు చదివించింది.

నాకు చదువు చెప్పిన మనిషి నన్ను మీరు అనేది. నేను నువ్వు అనేదాన్ని. ఆ సాయంత్రం ఇంటిదాకా ఈ ఒక్క సంగతే నడిచింది నాతో.

మా వీధిలో పేపరు ఇంటింటికీ తిరిగింది. ఏం చేయాలో నాకు తెలుసు. చెయ్యలేదు. భవానీదేవిగారు బొట్టుపెట్టి పేరంటానికి పిలిస్తే వెళ్ళి, అందరిలో దివ్యని మెచ్చుకుంటుంటే తల దించుకుని తాంబూలం తీసుకుని వచ్చేశాను. సిగ్గరి అనుకున్నారు. షెడ్డులో మేరీ మామూలుగానే పేపరు తెచ్చేది, మామూలుగానే తప్పులు దిద్దేది. అదే మరీ కష్టంగా ఉండేది.

పదకొండో రోజున అన్నపూర్ణగారు మా అరుగు మీదకి వచ్చి కూర్చుంది. చేతిలో ఆ పేపరు. రాజోలు నుంచి వచ్చిన వాళ్ళ చెల్లెలు కూడా పక్కనే ఉంది.

"మా చెల్లి నమ్మట్లేదే వీరాయమ్మా. ఒక్కసారి చదివి వినిపించు. అదే, తిరగేసి."

పేపరు నాకు తలకిందులుగా పట్టుకుంది. దివ్య గుమ్మంలో బట్టలు మడతపెడుతూ నవ్వుతోంది. నేను మొదటినుంచీ చదివాను. ఎక్కడా ఆగలేదు. ఉన్నది ఉన్నట్టు, దివ్య పేరుతో సహా చదివాను. చెల్లెలుగారు బుగ్గ మీద వేలేసుకుంది.

"ఇది ఇక్కడ ఉన్నదండి," అన్నాను. "జరిగింది ఇది కాదు. నాకు చదువు చెప్పింది మేరీ."

గుమ్మంలో దివ్య చేతిలో చీర ఆగిపోయింది. పిల్ల మొహం చూశాను. పాపారావుగారి ముందు ఎలా ఉందో అలాగే ఉంది. ఈ మాట ఈ అరుగు మీద ఆగకపోతే ఏమవుతుందో నాకూ తెలుసు, తనకూ తెలుసు. అయినా దివ్య నన్ను ఆపలేదు. చీర గుండెలకి పట్టుకుని నేల చూసింది.

అన్నపూర్ణగారు పేపరు దించింది.

"ఏ మేరీ?"

మేరీ ఎవరో ఆవిడకి తెలుసు. ఆవిడ కొబ్బరితోటలో పురుగుమందు కొట్టడానికి మేరీ మొగుడే వస్తాడు. ఏ మేరీయో నా నోటితో చెప్పించాలని అడిగింది.

"పేటలో మేరీగారండి," అన్నాను.

'గారు' అన్న మాట నా నోటికి కొత్తగా తగిలింది. ఇదే మాట కాలేజీలో కుర్చీ మీద కూర్చున్న రోజున అనవలసింది. అంతకు ముందు చలికాలంలో పాలప్యాకెట్టు పట్టుకుని అనవలసింది. అన్నిటికంటే ముందు, పొట్టు పరిచిన మొదటి రోజునే, ఇటొచ్చి కూర్చోండి అనవలసింది.

అన్నపూర్ణగారు పేపరు నాలుగు మడతలు పెట్టింది. చెల్లెలిని లెమ్మని సైగ చేసింది. మెట్టు దిగుతూ వెనక్కి తిరక్కుండా, "ఆయ్," అంది.

ఒప్పుకున్నట్టు లేదు. విన్నట్టు ఉంది.